సూది గుచ్చే ముందే చెప్పండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు, ఆ శాఖల కార్యదర్శులకు, ఔషధ నియంత్రణ విభాగాల అధిపతులకు,



“సైడ్ ఎఫెక్టు కదండీ, మేమేం చేస్తాం? ప్రాణం దక్కింది, అందుకు సంతోషించండి.” ఈ మాట మొదట ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో విన్నాను. కొన్నాళ్లకు ఇంచుమించు ఇదే మాట మీ శాఖలోనే పనిచేసే ఒక జిల్లా అధికారి నోటా విన్నాను. ఇద్దరూ మర్యాదగానే అన్నారు. అందులో తప్పుందని ఇద్దరికీ తోచలేదు. మందు వల్ల మనిషి చెవి పోయినా, నిలబడే పట్టు పోయినా అది నష్టం కింద ఎవరి లెక్కలోకీ రాదన్నమాట. ఈ వైఖరిని ఒప్పుకోలేకనే మీకు ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను.

ఎవరికీ తెలియకుండా జరిగిన నష్టమైతే సరిపెట్టుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. 1943లో అమెరికాలోని రట్గర్స్‌లో, వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టాడు. అది క్షయ రోగులకు మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే, 1940ల నడుమనే, మేయో క్లినిక్ వైద్యులు దాని మరో ముఖాన్ని చూశారు. క్షయ తగ్గుతోంది, కానీ కొందరు రోగులు తూలిపోతున్నారు. ఆ తర్వాత వచ్చిన కనామైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ అన్నీ ఆ కుటుంబంలోవే. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ ఎక్కువగా బ్యాలెన్సును, కనామైసిన్, అమికాసిన్ ఎక్కువగా వినికిడిని దెబ్బతీస్తాయని వైద్య విద్యార్థుల పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. పరీక్షలో ఈ ప్రశ్నకు జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నవారే రేపు ఆ సూది రాస్తారు. అప్పుడు ఆ జవాబు రోగికి ఎందుకు చెప్పరు?

1952లో ఒక అమెరికన్ వైద్యుడు తన పేరు బయటపెట్టకుండా, పొడి అక్షరాలతో మాత్రమే, ఒక వైద్య పత్రికలో తన కథ రాసుకున్నాడు. స్ట్రెప్టోమైసిన్ వల్ల ఆయన చెవి లోపలి బ్యాలెన్సు వ్యవస్థ మొత్తం పోయింది. మంచం మీద కూర్చుని పుస్తకం చదువుదామంటే, గుండె కొట్టుకున్నప్పుడల్లా తల అదిరి, పేజీలో అక్షరాలు గెంతేవట. మంచం తలవైపు ఉన్న ఇనుప కడ్డీల మధ్య తలను ఇరికించుకుంటే తప్ప చదవలేకపోయాడు. ఒక వైద్యుడే తన అనుభవాన్ని ఇంత వివరంగా రాసిపెట్టి 70 ఏళ్లు దాటింది. ఇంకా మనం “సైడ్ ఎఫెక్టు కదండీ” దగ్గరే ఉన్నాం.

మా మేనమామ సంగతి చెబుతాను. వరి రైతు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో ఊగిపోతుంటే పట్నంలో నర్సింగ్‌హోంలో చేర్చాం. జెంటామైసిన్ 80 మిల్లీగ్రాములు, రెండు పూటలా. జ్వరం తగ్గింది, డిశ్చార్జి చేశారు. ఇంటికొచ్చాక నడక తేడాగా ఉందని మళ్లీ తీసుకెళితే, “నీరసం, కొబ్బరినీళ్లు తాగించండి” అన్నారు. నీరసం తగ్గిపోయింది గానీ నడక కుదుటపడలేదు. పగటి వెలుతురులో, సిమెంటు రోడ్డు మీద బాగానే నడుస్తాడు. పొలం గట్టు మీద మాత్రం రెండడుగులు వెయ్యలేడు. ముఖం కడుక్కుంటూ సబ్బు నురగకి కళ్లు మూసుకుంటే ముందుకు తూలిపోతాడు. రాత్రి కరెంటు పోతే గోడ పట్టుకుని నిలబడిపోతాడు, అత్తయ్య టార్చి తెచ్చేదాకా కదలడు. ఆయన నడక చూసి ఊళ్లో, “ఈ వయసులో మందు అలవాటు చేసుకున్నాడేమిటి” అనుకున్నారు. జీవితంలో కల్లు ముట్టని మనిషి. చివరికి ఒక ఈఎన్‌టీ డాక్టరుగారు పరీక్ష చేసి, రెండు చెవుల్లోనూ బ్యాలెన్సు వ్యవస్థ పోయిందని, కారణం ఆ సూదులేనని చెప్పారు. నర్సింగ్‌హోం డిశ్చార్జి కాగితంలో మందు పేరుంది, మోతాదు ఉంది. “తూలు, చెవిలో హోరు ఉంటే వెంటనే రండి” అన్న ఒక్క వాక్యం లేదు.

ఆ ఒక్క వాక్యం ఎందుకు లేదన్నదే ఈ లేఖ మొత్తంలో నేను మిమ్మల్ని అడుగుతున్న ప్రశ్న.

చెవి లోపల శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కో వైపు సుమారు 15 వేలు ఉంటాయి. కోడిపిల్లకు అవి పోతే మళ్లీ మొలుస్తాయి. మనిషికి మొలవవు. ఈ సూది మందులు రక్తంలోంచి ఆ కణాల్లోకి చొరబడి, రక్తంలో లేకుండా పోయాక కూడా చాలాకాలం అక్కడే నిలిచి ఉంటాయి. అందుకే కొందరికి సూదులు ఆపిన కొన్ని రోజులకో, వారాలకో నష్టం బయటపడుతుంది. మొదట పోయేది సన్నని, ఎత్తు శబ్దాల వినికిడి. అప్పటికి మనిషి మామూలుగానే మాట్లాడుతుంటాడు, తనకేమైందో తనకే తెలియదు. నష్టం కిందికి దిగాక స, శ, త, ఫ వంటి అక్షరాలు జారిపోతాయి. “వినబడుతోంది గానీ మాట తెలియడం లేదు” అంటాడు. ఇక బ్యాలెన్సు విషయానికొస్తే, రెండు వైపులా ఒకేసారి పోతుంది కాబట్టి చాలామందికి గిర్రున తిరిగినట్టే ఉండదు. వైద్యులు “కళ్లు తిరుగుతున్నాయా?” అని అడుగుతారు, రోగి “లేదు” అంటాడు, అక్కడితో ఆ విచారణ ముగుస్తుంది. ఎవరు ముందుగా వెతకాలి? రోగియా, మీరా?

పైగా ఇది ఎవరికి ఎక్కువ ప్రమాదమో కూడా ముందే తెలుసు. ఈ మందులు ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీ బలహీనంగా ఉంటే మందు రక్తంలో పేరుకుంటుంది, చెవికి దెబ్బ పెరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మీకు నేను చెప్పాలా? కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లల్లో కిడ్నీ జబ్బు లేని వీధి కోసం వెతుక్కోవాలి. దాని కోసమే పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కట్టారు. అదే ప్రాంతంలో జ్వరమొచ్చిన మనిషికి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా జెంటా సూది పడకూడదని ఒక్క ఆదేశమైనా అక్కడి ప్రతి క్లినిక్ గోడ మీద ఉందా? ఒళ్లు వాచిన రోగికి జెంటాతో పాటు ఫ్యూరోసెమైడ్, అంటే అందరూ లాసిక్స్ అనేది, నరంలోకి వేగంగా ఎక్కిస్తే రెండూ కలిసి చెవిని మరింత త్వరగా దెబ్బతీస్తాయి. ఈ జోడు మీద వార్డుల్లో ఎక్కడైనా హెచ్చరిక కనిపిస్తుందా?

కొందరికి తల్లి వైపు నుంచి వచ్చే ఒక జన్యు మార్పు వల్ల ఒకటి రెండు సూదులతోనే చెవులు పూర్తిగా పోవచ్చు. ఇంగ్లండులో మాంచెస్టర్ వైద్యులు పుట్టిన బిడ్డలో ఆ మార్పును అరగంటలోపే పట్టే పరీక్షను వాడి చూపారు. 2023లో అక్కడి ప్రభుత్వ సంస్థ నైస్ దాన్ని ఆసుపత్రుల్లో వాడేందుకు సిఫారసు చేసింది. ఆ యంత్రం రేపే మన ఏరియా ఆసుపత్రికి రావాలని నేను అడగను. కానీ “తల్లి వైపు వాళ్లలో ఎవరికైనా సూది మందుల తర్వాత చెవుడు వచ్చిందా?” అని అడగడానికి ఏ యంత్రం కావాలి?

“ప్రాణం ముఖ్యమా, చెవి ముఖ్యమా” అని మీవాళ్లు అడుగుతుంటారు. ఆ ప్రశ్నే తప్పని క్షయ చికిత్స చరిత్ర నిరూపించింది. మందులకు లొంగని క్షయకు నెలల తరబడి కనామైసిన్ సూదులు వేసేవారు. ముంబైకి చెందిన నందితా వెంకటేశన్ 24 ఏళ్ల వయసులో ఆ చికిత్సలోనే వినికిడి కోల్పోయింది. దక్షిణాఫ్రికాలో ఫుమెజా టిసిలేకూ అదే జరిగింది. “ప్రాణం దక్కింది” అని ఆ ఇద్దరూ ఊరుకోలేదు. చెవికి హాని చెయ్యని బెడాక్విలిన్ మాత్రపై దాని తయారీ కంపెనీ పేటెంటు పొడిగింపు కోరితే, 2019లో మన పేటెంటు కార్యాలయంలో అభ్యంతరం దాఖలు చేశారు. 2023 మార్చిలో ఆ కార్యాలయం కంపెనీ దరఖాస్తును తిరస్కరించింది. ఈలోగా 2018లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కనామైసిన్, కాప్రియోమైసిన్ ఇక వాడొద్దని చెప్పింది. 2024 సెప్టెంబరులో మన కేంద్ర ఆరోగ్య శాఖ ఈ మొండి క్షయకు సూది అక్కర్లేని, నాలుగు రకాల మాత్రలతో ఆరు నెలల్లో ముగిసే చికిత్సను ఆమోదించింది. అంటే ఇన్నేళ్లూ “తప్పదు” అన్నది తప్పేదే. తప్పించాలని పట్టుబట్టింది మాత్రం చెవులు పోగొట్టుకున్నవాళ్లు. ఆ పని మీరు చెయ్యాల్సింది కాదా?

క్యాన్సర్ వార్డుల్లోనూ ఇదే కథ. సిస్‌ప్లాటిన్ చాలా క్యాన్సర్లకు మూలస్తంభం లాంటి మందు, దాన్ని వద్దనే ధైర్యం ఎవరికీ లేదు, ఉండకూడదు. కానీ పిల్లల్లో అది చెవిని ఎంతగా దెబ్బతీస్తుందో, దాన్ని కొంతైనా ఆపవచ్చో లేదో ఇప్పుడు తెలుసు. కాలేయ క్యాన్సర్ ఉన్న పిల్లలపై జరిగి 2018లో ప్రచురితమైన అంతర్జాతీయ పరిశోధనలో, సిస్‌ప్లాటిన్ ఒక్కటే తీసుకున్న పిల్లల్లో 63 శాతం మందికి వినికిడి తగ్గింది. సిస్‌ప్లాటిన్ ఇచ్చిన ఆరు గంటలకు సోడియం థయోసల్ఫేట్ కూడా ఇచ్చిన పిల్లల్లో అది 33 శాతమే. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకని పిల్లల కోసం ఈ రక్షణ మందును ఆమోదించింది. మన ఆరోగ్య బీమా ప్యాకేజీలో కీమోకు డబ్బులున్నాయి. ప్రతి కీమో ముందు చెవి పరీక్షకు ఉన్నాయా? ఈ రక్షణ మందుకు ఉన్నాయా?

ఇక మాటలు రాని బిడ్డల సంగతి. 2014లో కేంద్రం ఒక మంచి నిర్ణయం తీసుకుంది. ఆసుపత్రికి చేర్చే దారి లేని పసిబిడ్డకు రక్తంలో ఇన్ఫెక్షన్ అనుమానం వస్తే సబ్‌సెంటర్లో ఏఎన్‌ఎమ్మే జెంటామైసిన్ ఇవ్వవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సూది ఎన్నో ప్రాణాలు నిలిపే సూది. దాన్ని నేను తప్పుపట్టను. నవజాత శిశువుల వార్డుల్లోనూ జెంటా, అమికాసిన్ రోజువారీ మందులే. ఈ రకం మందులు ఐదు రోజులు దాటి వాడిన బిడ్డను పుట్టినప్పటి వినికిడి పరీక్షలో పాసైనా మళ్లీ పరీక్షించాలని అమెరికా వైద్య సంఘాల ఉమ్మడి కమిటీ సూచన. ఎందుకంటే ఆ చెవుడు ఆలస్యంగా బయటపడవచ్చు. మరి మన దగ్గర ఆ బిడ్డ డిశ్చార్జి అయ్యాక ఏమవుతుంది? తల్లి చేతికి ఇచ్చే పుస్తకంలో టీకాల తేదీలుంటాయి. చెవి పరీక్ష తేదీ ఉంటుందా? బిడ్డ రెండేళ్లు దాటినా మాట రాకపోతే, “వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చింది” అని నాయనమ్మ సర్దిచెబుతుంది. మాట నేర్చే వయసు అలా చేజారిపోతుంది. కాక్లియర్ ఇంప్లాంట్ కోసం ఆరోగ్యశ్రీ వంటి పథకాల ద్వారా లక్షలు ఖర్చుపెట్టే ప్రభుత్వాలు, అంతకు ముందు చెయ్యాల్సిన నిమిషాల పరీక్ష దగ్గర ఎందుకు చేతులు ముడుచుకుంటాయి?

ఔషధ నియంత్రణ అధికారులకు ప్రత్యేకంగా ఒక మాట. ఈ సూదులన్నీ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి. మా ఊళ్లల్లో ఆర్‌ఎంపీ సంచి తెరిపించి చూడండి, జెంటా ఆంపూల్స్ ఎక్కడ కొన్నాడో అడగండి. చెవి కారే పిల్లాడికి మెడికల్ షాపువాడు ఇచ్చే చుక్కల సీసా మీద నియోమైసిన్ అనో, జెంటామైసిన్ అనో ఉందేమో చదవండి. కర్ణభేరికి చిల్లు ఉన్నప్పుడు అవి లోపలి చెవికి చేరితే ప్రమాదం. దానికి బదులు సిప్రోఫ్లోక్సాసిన్, ఓఫ్లోక్సాసిన్ చుక్కలు అందుబాటులోనే ఉన్నాయి. కౌంటర్ దగ్గర ఎవరు చెవిలో లైటు వేసి చూస్తున్నారు? షాపు తనిఖీకి వెళ్లినప్పుడు మీరు ఈ ప్రశ్న ఎన్నడైనా అడిగారా?

చికిత్సకు ముందు దాని ప్రమాదం గురించి రోగికి తగినంత సమాచారం ఇవ్వాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నష్టం జరిగాక నమోదు చెయ్యడానికి 2010 నుంచి దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. రోగులే స్వయంగా ఫిర్యాదు చెయ్యడానికి తెలుగులో ఫారం ఉంది, 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది. ఆ ఫారం మీ ఏ పీహెచ్‌సీ గోడ మీదైనా అంటించి ఉండగా చూశారా? మా మేనమామ విషయంలో నేనడిగిన ముగ్గురు వైద్యసిబ్బందిలో ఒక్కరికీ ఆ నంబరు తెలియదు. నమోదు కాని నష్టం లెక్కకు రాదు. లెక్కకు రానిదానికి బడ్జెటు రాదు. “పెద్దగా కేసులు లేవండీ” అని మీరు చెప్పగలగడం వెనక ఉన్న రహస్యం ఇదే కదా?

వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపులో చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్కపెట్టిన 21 రకాల వైకల్యాల్లో బ్యాలెన్సు పోవడమన్నది లేదు. వినికిడిలోనూ, మాట్లాడే శబ్దాల స్థాయిలో రెండు చెవులకూ 60 డెసిబెల్స్ నష్టం ఉంటే తప్ప ఆ చట్టం దృష్టిలో వినికిడి లోపం లేనట్టే. చీకట్లో నాలుగడుగులు వెయ్యలేని రైతు ఆ క్యాంపు నుంచి సున్నా శాతంతో ఇంటికొస్తాడు. చట్టం కేంద్రానిదని మీరనవచ్చు. పింఛను ఎవరికివ్వాలన్నది మీ చేతిలోది కాదా? కేంద్రానికి ఒక లేఖ రాయడానికి అడ్డేమిటి?

“అత్యవసరంలో ప్రాణం పోతుంటే ఆడియోమెట్రీ ఎక్కడ చేస్తాం?” అని వైద్యులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మొదటి మోతాదు ఆపమని ఎవరూ అనలేదు. అమెరికా వాక్, శ్రవణ నిపుణుల సంఘం 1994లోనే చెప్పింది: ఈ సూదులు మొదలైన 72 గంటల్లోపు, సిస్‌ప్లాటిన్ అయితే 24 గంటల్లోపు, తొలి వినికిడి పరీక్ష చెయ్యండి, తర్వాత మధ్యమధ్యలో చూడండి. బ్యాలెన్సు చూడాలంటే ఖరీదైన పరికరమే కావాలనీ లేదు. మీ ప్రతి పీహెచ్‌సీలో గోడకు కంటి అక్షరాల చార్టు వేలాడుతోంది. రోగిని దాని ముందు కూర్చోబెట్టి ముందు మామూలుగా చదివించండి. తర్వాత తలను కాస్త వేగంగా అటూ ఇటూ ఊపుతూ చదివించండి. మామూలుగా చదివినదాని కన్నా రెండు మూడు వరుసలకు మించి తగ్గితే అనుమానించి పెద్దాసుపత్రికి పంపండి. ఇది స్టాఫ్ నర్సుకు ఒక మధ్యాహ్నంలో నేర్పగలిగిన పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా ఇది చవక కాదా?

అందుకే రెండు రాష్ట్రాల నుంచీ నేను కోరేది ఒక చిన్న జీవో. అందులో ఇవి ఉండాలి. చెవికి హాని చేసే సూదులు, కీమో మందులు మొదలుపెట్టే ముందు రోగికీ, ఇంట్లోవాళ్లకూ తెలుగులో ఒక పేజీ కాగితం ఇచ్చి, చదివి వినిపించాలి. ఉర్దూ, గోండీ, కోయ మాట్లాడేవారికి వాళ్ల భాషలో చెప్పాలి. అత్యవసరం కాకపోతే క్రియాటినిన్ చూశాకే సూది పడాలి. చెవి పరీక్ష కేస్ షీట్‌లో తప్పనిసరి గడి కావాలి. డిశ్చార్జి కాగితంపై హోరు, తూలు, వినికిడి తగ్గడం ఉంటే ఎక్కడికి రావాలో రాసి ఉండాలి. పసిబిడ్డ టీకాల పుస్తకంలో చెవి పరీక్ష తేదీ పడాలి. హైదరాబాదు కోఠిలో, విశాఖలో మీకు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. వాటిని ఈ పనికి కేంద్రాలుగా ప్రకటించి జిల్లా ఆసుపత్రులను వాటికి కలపండి. కేసు కనబడ్డ ప్రతిసారీ ఫార్మకోవిజిలెన్స్‌కు నివేదిక వెళ్లడం డాక్టరు దయమీద కాక, ఆసుపత్రి బాధ్యతగా ఉండాలి.

ఈ లేఖ చదివి ఎవరూ నడుస్తున్న చికిత్స మధ్యలో మానకూడదు. మానితే ఇన్ఫెక్షన్ ముందు ప్రాణం తీస్తుంది. మందు మార్చడమో, మోతాదు తగ్గించడమో వైద్యుడి పని. కానీ “ఈ సూది చెవికి, నడకకు ఏమైనా చేస్తుందా డాక్టరుగారూ, నా కిడ్నీ చూశారా?” అని అడగడం ప్రతి రోగి హక్కు. ఆ ప్రశ్నకు విసుగు లేకుండా జవాబు వచ్చే ఆసుపత్రులను నడపడం మీ ఉద్యోగం.

చెప్పి వేసిన సూది వల్ల నష్టం జరిగితే అది దురదృష్టం. చెప్పకుండా, చూడకుండా వేసిన సూది వల్ల జరిగితే అది నిర్లక్ష్యం. ఆ నిర్లక్ష్యానికి ఇంతకాలం పేరు పెట్టలేదు కాబట్టి సైడ్ ఎఫెక్టుగా చెలామణీ అయింది. మీ సంతకంతో అది ఆగాలని కోరుతూ,

ఇట్లు,
ఒక రోగి మేనల్లుడు